పాత వెర్నా డీజిల్‌లో షెల్ హెలిక్స్ అల్ట్రా 5డబ్ల్యూ-40: కొనే ముందు క్యాన్ వెనక్కి తిప్పండి

మాది డ్రిప్ పైపులు, ఫిల్టర్లు, స్ప్రింక్లర్ల వ్యాపారం. షాపు విజయవాడలో, తిరుగుడంతా ఆగిరిపల్లి, నూజివీడు, తిరువూరు మామిడి తోటల్లో. బండి 2014 మోడల్ హ్యుందాయ్ వెర్నా, 1.6 సీఆర్‌డీఐ. లక్ష కిలోమీటర్లు ఎప్పుడో దాటింది. వారంటీ అయిపోయిన దగ్గర్నుంచి ఆయిల్ నేనే కొనుక్కుని, ఆటోనగర్ తీసుకెళ్ళి, దగ్గరుండి మార్పించుకుంటాను. ప్రస్తుతం అందులో ఉన్నది షెల్ హెలిక్స్ అల్ట్రా 5డబ్ల్యూ-40. కొంతకాలంగా వరసగా ఇదే పోస్తున్నాను కాబట్టి మంచీ చెడూ చెప్పగలననుకుంటున్నా.

ముందే ఒక మాట. ఇది నా బండికి కుదిరిందని మీ బండికీ కుదురుతుందనుకోవద్దు. ముఖ్యంగా 2020 ఏప్రిల్ తర్వాత, పొగ మీద పెట్టిన బీఎస్6 నిబంధనలతో వచ్చిన డీజిల్ బండి అయితే ఈ క్యాన్ జోలికి పోకండి. ఎందుకో కింద మా బావమరిది బండి దగ్గర చెప్తాను.

వారంటీ ఉన్నన్నాళ్ళూ సర్వీస్ సెంటర్‌లో ఏ ఆయిల్ పోస్తున్నారో నాకు తెలిసేది కాదు. బిల్లులో "ఇంజిన్ ఆయిల్" అని ఒక లైను, పక్కన లీటర్లు, రేటు. ఏ గ్రేడ్ బాబూ అనడిగితే అడ్వైజర్ కుర్రాడు "కంపెనీ ఆయిలే సార్" అనేవాడు. అయ్యుండొచ్చు, కాదనను. గ్రేడ్ అడిగితే కంపెనీ పేరు చెప్పేవాళ్ళతో ఎంతసేపని వాదిస్తాం? ఇంటికొచ్చి డాష్‌బోర్డ్ అరలోంచి ఓనర్స్ మాన్యువల్ తీసి చూశాను. చివరి పేజీల్లో ఆయిళ్ళ పట్టిక ఉంది. డీజిల్ ఇంజిన్ దగ్గర రెండు వరసలు. పొగ ఫిల్టర్ ఉన్న బండికి ఏసీఈఏ సీ3, లేని బండికి ఏసీఈఏ బీ4 (ఏసీఈఏ అనేది యూరప్ వాళ్ళ ఆయిల్ ప్రమాణం, కింద చెప్తాను). పట్టే ఆయిల్ 5.3 లీటర్లు. కింద ఉష్ణోగ్రతల గీతలతో ఒక బొమ్మ, అందులో ఒకటికి మించి గ్రేడ్లు. నా బండి బీఎస్4, పొగ ఫిల్టర్ లేదు. అంటే నాకు కావలసింది బీ4.

ఈ బీ4 అనే ముక్క పట్టుకుని షాపుకెళ్తే ఎవరికీ అర్థం కాదు. "పదిహేను నలభై కావాలా, ఐదు ముప్పై కావాలా?" అంటారు. అది చిక్కదనం లెక్క మాత్రమే. 5డబ్ల్యూ-30 అని రాసున్న ఆయిళ్ళలోనే ఏ5/బీ5 ఉంటుంది, ఏ3/బీ4 ఉంటుంది, సీ2 ఉంటుంది, సీ3 ఉంటుంది. పైన నంబర్ ఒకటే, లోపల సరుకు వేరు. నా మాన్యువల్లోని బీ4నే క్యాన్ల మీద ఏ3/బీ4 అని జంటగా రాస్తారు. బాగా వేడెక్కి, బేరింగుల మధ్య నలిగేటప్పుడు ఆయిల్ పొర ఎంత నిలబడుతుందో కొలిచే పరీక్ష ఒకటుంది, హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. ఏ3/బీ4లో అది కనీసం 3.5 ఉండాలి. ఏ5/బీ5లో 2.9 నుంచి 3.5 లోపే ఉంటుంది. పలచటి ఆయిల్ కోసం తయారు చేసిన ఇంజిన్లకి అది మంచిదే, నాలుగు చుక్కల డీజిల్ కూడా మిగుల్తుంది. నా బండి మాన్యువల్లో ఆ పేరు లేదు కాబట్టి ఆ క్యాన్లు పక్కన పెట్టేశాను.

ఏసీఈఏ అంటే యూరప్ కార్ల కంపెనీల సంఘం. ఆయిల్ క్యాన్ల మీద మనకి ఎక్కువగా కనిపించేది అమెరికా వాళ్ళ ఏపీఐ. దాంట్లో ఎస్‌తో మొదలయ్యేవి పెట్రోల్‌కి, సీతో మొదలయ్యేవి డీజిల్‌కి. సీహెచ్-4 1998లో, సీఐ-4 2002లో, సీజే-4 2006లో, సీకే-4 2016 చివర్లో వచ్చాయి. ఇవన్నీ ప్రధానంగా లారీ ఇంజిన్ల కోసం పెట్టినవి. అమెరికాలో డీజిల్ కార్లు తక్కువ కాబట్టి చిన్న డీజిల్ కారు గురించి ఏపీఐ పెద్దగా పట్టించుకోలేదు. కొన్ని క్యాన్ల మీద "ఎస్ఎన్/సీఎఫ్" అని ఉంటుంది చూడండి, ఆ సీఎఫ్ 1994 నాటిది. ఎప్పుడో మూలన పడ్డ ప్రమాణం. దాన్ని చూసి "డీజిల్‌కి కూడా పనికొస్తుంది" అని కౌంటర్ దగ్గర అమ్మేస్తుంటారు. కామన్ రైలు డీజిల్ కారుకి, అంటే నా సీఆర్‌డీఐ లాంటి దానికి, ఏసీఈఏ గీటురాయి నమ్మకమైనది. ఇది క్యాన్ వెనక వైపు, కళ్ళజోడు పెట్టుకుంటే తప్ప కనపడనంత చిన్న అక్షరాల్లో ఉంటుంది. ముందు వైపు రేసు కారు బొమ్మ ఉంటుంది.

ఇక ఆటోనగర్. మా మెకానిక్ బాబాయ్ అంబాసిడర్ డీజిల్ నుంచి మొదలుపెట్టి ఇప్పటిదాకా విప్పని ఇంజిన్ లేదు. చేతి వాటం గొప్పది. ఆయిల్ విషయంలో మాత్రం ఆయనది ఒకటే మంత్రం: "మన ఎండలకి పలచటి ఆయిల్ ఆగదు బాబూ, 20డబ్ల్యూ-50 పోసేద్దాం."

బెజవాడలో మే నెలలో నలభై అయిదు డిగ్రీలు కొడుతుంటే ఎవరికైనా ఆ మాట నిజమే అనిపిస్తుంది. లెక్కేసి చూస్తే అంత లేదు. రెండో నంబర్, అంటే 30, 40, 50 అనేది వంద డిగ్రీల దగ్గర కొలిచిన చిక్కదనం. 40 నంబర్ ఆయిల్ వంద డిగ్రీల దగ్గర 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) మధ్య ఉండాలి, 30 నంబర్ అయితే 9.3 నుంచి 12.5. ఇంజిన్ వేడెక్కాక నూజివీడులో అయినా నార్వేలో అయినా ఆయిల్ వంద డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది, ఎందుకంటే కూలెంట్‌ని థర్మోస్టాట్ ఒక స్థాయిలో పట్టి ఉంచుతుంది. బయట ఎండ మండితే తేడా ఉండదని కాదు, ఏసీ వేసుకుని ఘాట్ ఎక్కుతుంటే కాస్త ఉంటుంది. దానికోసం 50కి వెళ్ళాల్సిన పని లేదు. ఇంజిన్ తయారు చేసినవాడు బేరింగ్ సందుల్ని ఫలానా చిక్కదనానికి లెక్కేసి పెట్టాడు. అంతకన్నా చిక్కటిది పోస్తే పంపు మీద బరువు, పొద్దున్నే టర్బో దాకా ఆయిల్ చేరడం ఆలస్యం.

మొదటి నంబర్ చలికి సంబంధించింది. 15డబ్ల్యూ అంటే మైనస్ 20 డిగ్రీల్లో, 5డబ్ల్యూ అంటే మైనస్ 30లో స్టార్ట్ అవడానికి వీలుగా ఉండాలని పరీక్ష పెడతారు. మన దగ్గర సంక్రాంతికి పొద్దున పదిహేనుకి దిగితేనే స్వెట్టర్లు బయటికొస్తాయి. కాబట్టి చలి లెక్కన చూస్తే 15డబ్ల్యూ-40 సరిపోదని ఎవరూ అనలేరు. బాబాయ్‌తో ఆ మాట నేను ఒప్పుకుంటాను కూడా. పాత ఇండికా, సుమో, బొలెరో డీఐ లాంటి వాటికి మంచి కంపెనీ సీఐ-4 ప్లస్ 15డబ్ల్యూ-40 లారీ ఆయిల్ పోసి వేళకి మారుస్తుంటే అవి మనల్ని మించి బతుకుతాయి. ఆటోనగర్‌లో సగం బండ్లు దాని మీదే నడుస్తున్నాయి, దాంట్లో తప్పేం లేదు. వీజీటీ టర్బో (లోపలి రెక్కలు అవసరాన్ని బట్టి కదిలే రకం) ఉన్న కామన్ రైలు కారుకి మాత్రం నేను 5డబ్ల్యూ-40 వైపే మొగ్గాను. రెండూ వేడిలో ఒకే నంబర్ అయినా, 5డబ్ల్యూ ఇవ్వాలంటే బేస్ ఆయిల్, అంటే రసాయనాలు కలపకముందు ఉండే అసలు నూనె, మెరుగ్గా ఉండాలి, అంటే సింథటిక్ తప్పదు. టర్బో షాఫ్ట్ దగ్గర వేడికి మాడి మసి కాకుండా నిలిచేది అదే. రాత్రంతా ఆగిన బండి స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు సెకన్లు కూడా లెక్కలోకి వస్తాయి.

అలా అన్నీ వడగట్టగా మిగిలినవి మూడు. టోటల్ క్వార్ట్జ్ 9000 5డబ్ల్యూ-40, మోటుల్ 8100 ఎక్స్-సెస్ 5డబ్ల్యూ-40, షెల్ హెలిక్స్ అల్ట్రా 5డబ్ల్యూ-40. మూడూ ఏ3/బీ4. వీటిలో ఏది తీసుకున్నా ఇంజిన్‌కి పెద్ద తేడా తెలియదనేది నా గట్టి అభిప్రాయం. షెల్ ఎంచుకోవడానికి కారణం ఒక్కటే. మా షాపు దారిలో నమ్మకమైన డీలర్ దగ్గర, జీఎస్టీ బిల్లుతో, ఎప్పుడెళ్ళినా దొరికింది.

క్యాన్ వెనక ఏముందో చెప్తాను. ఏపీఐ ఎస్‌పీ, ఏసీఈఏ ఏ3/బీ3, ఏ3/బీ4, మెర్సిడెస్ అప్రూవల్ 229.5, ఫోక్స్‌వ్యాగన్ 502.00/505.00, ఇంకా రెనో, పోర్షే. ఏపీఐ దగ్గర ఎస్ చూసి కౌంటర్ మీద కుర్రాడు "ఇది పెట్రోల్ బండి ఆయిల్ సార్, డీజిల్‌ది ఇస్తాను" అని లారీ ఆయిల్ తీశాడు. తప్పు పట్టలేం. వాడికి ఎవరూ చెప్పలేదు. బీ4లో బీ, ఫోక్స్‌వ్యాగన్ 505.00 రెండూ డీజిల్ తాలూకువే. ఇక్కడ ఇంకొకటి గమనించాలి. కొన్ని క్యాన్ల మీద "అప్రూవ్డ్" అని ఉంటుంది, కొన్నిటి మీద "మీట్స్" లేదా "సూటబుల్ ఫర్" అని ఉంటుంది. మొదటిది కార్ల కంపెనీ పరీక్షించి సంతకం పెట్టిన మాట. రెండోది ఆయిల్ కంపెనీ తనకి తాను ఇచ్చుకున్న సర్టిఫికెట్. రెండో రకం ఆయిల్ చెడ్డదని కాదు గానీ, రెండు క్యాన్లూ ఒకే ధర అయితే నేను మొదటిదే తీసుకుంటా.

ఈ ఆయిల్‌కి ఉన్న ప్రత్యేకత, దీని బేస్ ఆయిల్ ముడి చమురులోంచి కాకుండా సహజవాయువులోంచి తీస్తారు. ఖతర్‌లోని రాస్ లఫాన్‌లో పెర్ల్ అనే ప్లాంట్ ఉంది, షెల్, ఖతర్ ప్రభుత్వ కంపెనీ కలిసి కట్టారు, 2011లో సరుకు బయటికి రావడం మొదలైంది. గ్యాస్‌ని ద్రవంగా మార్చడంలో గంధకం లాంటి మురికి ముందే పోతుంది, బేస్ ఆయిల్ నీళ్ళలా తేటగా ఉంటుంది. వినడానికి బాగుంది. మరి "ఫుల్లీ సింథటిక్" అన్న ముద్ర ఎంతవరకు నమ్మాలి? 1990ల చివర్లో అమెరికాలో కాస్ట్రోల్ మీద మొబిల్ ఈ విషయంలోనే ఫిర్యాదు చేసింది, ముడి చమురుని బాగా శుద్ధి చేసినది సింథటిక్ ఎలా అవుతుందని. ప్రకటనల తగవులు తేల్చే సంస్థ కాస్ట్రోల్ వైపే తీర్పిచ్చింది. అప్పట్నుంచి ఆ మాటకి హద్దు చెరిగిపోయింది. అందుకే నేను సింథటిక్ అన్న పెద్దక్షరాల కన్నా వెనకున్న చిన్నక్షరాలు చూస్తాను.

ఇప్పుడు వాడకం. ఆయిల్ మార్చే రోజు బండిని ఓ పది కిలోమీటర్లు తిప్పి వేడిగా ఉండగానే ఆటోనగర్ తీసుకెళ్తాను. బాబాయ్ కింద ట్రే పెట్టి ఆయిల్ చాంబర్ బోల్టు విప్పుతాడు. పాతది నల్లగా, పలచగా ధార కడుతుంది. ధార ఆగి చుక్కలు పడేదాకా ఆగమంటాను, ఆయన టీకి వెళ్తాడు. ఈ ఇంజిన్‌లో ఆయిల్ ఫిల్టర్ డబ్బాలాంటిది కాదు, ప్లాస్టిక్ మూత కింద కాగితం ఫిల్టర్. దాంతో పాటు కొత్త ఓ-రింగు వస్తుంది. అది మార్చకుండా పాతదాని మీదే మూత బిగించేస్తే కొన్నాళ్ళకి చెమ్మ కారడం ఖాయం, కాబట్టి అక్కడ మాత్రం తల దూర్చి చూస్తాను. చాంబర్ బోల్టుకి వాషర్ కొత్తది. అయిదు లీటర్లకి కొంచెం తక్కువ పోసి, ఓ నిమిషం స్టార్ట్ చేసి ఆపి, చదునైన చోట అయిదు నిమిషాలాగి గేజు తీసి చూసి, మిగిలింది కొంచెం కొంచెంగా. గేజు పుల్ల మీద ఎల్ (తక్కువ) గీతకీ ఎఫ్ (నిండు) గీతకీ మధ్య పైనుంచి పావు వంతు దగ్గర ఆపేస్తాను. నిండా ఎఫ్ దాటించడం కొందరికి తృప్తి. దానివల్ల క్రాంక్ చిలికి నురగ రావడం తప్ప లాభం లేదు.

మొదటి రోజు సాయంత్రమే గేజు మీద ఆయిల్ నల్లబడుతుంది. తేనె రంగు ఆయిల్ పోసిన పొద్దున్నే డబ్బులు దండగ అనుకునేవాళ్ళు చాలామంది. డీజిల్ ఇంజిన్‌లో మసి పుడుతుంది, దాన్ని గడ్డకట్టనీయకుండా తనలో తేలాడించుకోవడమే ఆయిల్ పని. ఎక్కడో పేరుకున్న మసిని ఊడదీసి మోసుకొస్తుంది కాబట్టి నల్లబడుతుంది. డీజిల్ బండిలో వెయ్యి కిలోమీటర్లు తిరిగినా తేనె రంగులోనే ఉంటే అప్పుడు అనుమానించాలి.

శబ్దం విషయానికొస్తే, మార్చిన కొత్తలో స్టార్ట్ చేయగానే వచ్చే టకటక తగ్గింది. పొద్దున మా వీధి గేటు దగ్గర తేడా తెలుస్తుంది. మూడు నాలుగు వేల కిలోమీటర్లయ్యాక నా చెవికి అలవాటైందో, ఆయిలే సాధారణమైందో గానీ ప్రత్యేకంగా ఏం అనిపించదు. మైలేజీ పెరిగిందని ఎవరైనా చెప్తే నవ్వొస్తుంది. నా లెక్క పుస్తకంలో ఏ తేడా లేదు. ఏసీ వేయడం, టైర్లలో గాలి, తోట గట్ల మీద ఫస్ట్ గేర్‌లో పాకడం, వీటి ముందు ఆయిల్ ఎంత? నాకు నిజంగా నచ్చింది ఆయిల్ తినకపోవడం. ఒక మార్పిడి నుంచి ఇంకో మార్పిడి దాకా గేజు మీద కొంచెం దిగుతుంది, అంతే. టాప్-అప్ కోసం కొన్న అర లీటరు ఎప్పుడూ డిక్కీలోనే మిగిలిపోతోంది.

కంపెనీ లెక్క పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. నేను ఎనిమిది వేల లోపే మారుస్తాను. హైవే మీదే తిరిగే బండి అయితే పదివేలు హాయిగా పోవచ్చు. నాది రైతుతో మాట్లాడుతూ ఇంజిన్ ఆన్‌లో పెట్టి నిలబడే బండి, బాట మీద దుమ్ము తాగే బండి. మీటర్ మీద కిలోమీటర్లు తిరగకపోయినా ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది కదా. "సింథటిక్ కదా, పదిహేను వేలు లాగొచ్చు" అనే సలహాలు వస్తుంటాయి. లాగినవాళ్ళ బండి లాగినవాళ్ళది.

ధర దగ్గర నొప్పి ఉంది. మంచి మినరల్ 15డబ్ల్యూ-40తో పోలిస్తే లీటరుకి రెట్టింపు పైనే పడుతోంది. దానికి తోడు ప్యాకింగ్. నా ఇంజిన్‌కి 5.3 కావాలి. నాలుగు లీటర్ల క్యాన్ ఒకటి, లీటరు డబ్బాలు రెండు కొనాలి, అందులో ముప్పావు లీటరు దాకా మిగులుతుంది. లీటరు డబ్బా రేటు క్యాన్ రేటుతో లెక్కేస్తే ఇంకా ఎక్కువ. "అయిదు పోసేయండి, మూడొందల మిల్లీ దగ్గర ఏముంది" అంటారు. గేజు మీద అది బాగానే కనపడుతుంది అని నా సమాధానం.

ఇప్పుడు బావమరిది సంగతి. వాడిది గన్నవరంలో ఆఫీసు, ఇల్లూ అక్కడే. బీఎస్6 డీజిల్ ఎస్‌యూవీ. రోజుకి ఇంటి నుంచి ఆఫీసు, పిల్లల బడి, మార్కెట్. ఒక ఆదివారం ఇంటికొచ్చి గర్వంగా, "బావా, నీ బండి కొంచెమైనా తింటుంది, నాది చుక్క తినట్లేదు, పైగా గేజులో పైకొచ్చింది" అన్నాడు. గేజు తీసి చూస్తే నిజంగానే ఎఫ్ దాటి ఉంది. వేలికి రాసుకుని వాసన చూస్తే డీజిల్ కంపు.

జరిగింది ఇది. ఆ బండ్ల పొగగొట్టంలో డీపీఎఫ్ అనే పొగ ఫిల్టర్ ఉంటుంది, మసిని పట్టి ఉంచుతుంది. నిండినప్పుడు ఇంజిన్ ఆలస్యంగా కొంచెం డీజిల్ అదనంగా చిమ్మి, పొగగొట్టం వేడిని ఆరువందల డిగ్రీల దాకా లేపి ఆ మసిని కాల్చేస్తుంది. దీనికి కాసేపు వరసగా నడవాలి. మనవాడు మధ్యలో బడి దగ్గర బండి ఆపేస్తాడు. కాలని డీజిల్ కొంత సిలిండర్ గోడల మీద నుంచి రింగుల పక్కగా జారి చాంబర్లోకి దిగుతుంది. ఆయిల్ పెరిగినట్టు కనపడుతుంది, నిజానికి పలచబడుతోంది. ఆ రోజే ఆయిల్ మార్పించమని, అప్పటినుంచి వారానికోసారి ఏలూరు రోడ్డెక్కి హనుమాన్ జంక్షన్ దాటి ఓ అరగంట ఒకే వేగంతో పోయి రమ్మని చెప్పాను. వాడికి జంక్షన్‌లో టిఫిన్ తినడానికి ఒక సాకు దొరికింది.

ఆయిల్ మార్చడానికి వాడు దగ్గర్లోని ఒక గ్యారేజీకి తీసుకెళ్తే, అక్కడ డ్రమ్ములోంచి జగ్గుతో 15డబ్ల్యూ-40 తోడి పట్టుకొచ్చారట. వాడు ఫోన్ చేయబట్టి సరిపోయింది. అలాంటి ఆయిల్‌లో, ఆ మాటకొస్తే నేను పొగుడుతున్న ఈ హెలిక్స్ అల్ట్రా 5డబ్ల్యూ-40లో కూడా, బూడిద మిగిల్చే రసాయనాలు ఎక్కువ. కాల్షియం, జింక్ లాంటివి. ఇంజిన్‌కి అవి మేలే చేస్తాయి. కానీ ప్రతి ఇంజిన్ కాస్తో కూస్తో ఆయిల్ కాల్చుకుంటుంది, ఆ బూడిద వెళ్ళి డీపీఎఫ్‌లో కూర్చుంటుంది. మా డ్రిప్ ఫిల్టర్‌లో పాచి పడితే బ్యాక్‌వాష్ కొడితే పోతుంది, ఉప్పు పేరుకుంటే ఎంత కొట్టినా పోదు. మసికీ బూడిదకీ తేడా అదే. ఎంత వేడి చేసినా బూడిద కాలదు. ఫిల్టర్ విప్పి శుభ్రం చేయించాలి, లేదా కొత్తది వేయాలి, అది మామూలు బిల్లు కాదు.

అందుకే డీపీఎఫ్ బండ్లకి సీ వరస: సీ2, సీ3, సీ5. సీ3లో బూడిద 0.8 శాతం దాటకూడదు. ఏ3/బీ4లో 1.6 శాతం దాకా ఉండొచ్చు. బావమరిది మాన్యువల్లో సీ2 లేదా సీ3, 5డబ్ల్యూ-30 అని ఉంది. మొబిల్ 1 ఈఎస్‌పీ 5డబ్ల్యూ-30 కొనిచ్చాను, అది రెండిటికీ సరిపోతుంది. షెల్‌లోనే కావాలంటే హెలిక్స్ అల్ట్రా ఈసీటీ సీ3 అని వేరే క్యాన్ ఉంది. పేరు దాదాపు ఒకటే, అందుకే మరీ జాగ్రత్తగా చూడాలి. లిక్విమోలీ టాప్ టెక్ 4200, మోటుల్ 8100 ఎక్స్-క్లీన్ కూడా సీ3లే. మోటుల్ వాళ్ళు ఎక్స్-సెస్, ఎక్స్-క్లీన్ అని అంత దగ్గర పేర్లు ఎందుకు పెట్టారో వాళ్ళకే తెలియాలి. ఒకటి నా బండికి, ఇంకోటి బావమరిది బండికి. కౌంటర్ మీద రెండూ పక్కపక్కనే ఉంటాయి.

ఒకే ఇంట్లో రెండు రకాల డీజిల్ బండ్లున్నవాళ్ళు అడుగుతుంటారు, రెంటికీ ఒకటే కొనొచ్చా అని. పాత బండికి ఏ3/బీ4లో ఉండే ఎక్కువ క్షారం ఒకప్పుడు గంధకం ఎక్కువున్న డీజిల్‌ని తట్టుకోవడానికి బాగా అవసరమయ్యేది. బీఎస్3 రోజుల్లో డీజిల్‌లో గంధకం పది లక్షల్లో 350 భాగాలు, బీఎస్4లో 50, ఇప్పుడు బంకుల్లో వచ్చేదంతా బీఎస్6, 10 భాగాలే. కాబట్టి పాత బండిలో సీ3 5డబ్ల్యూ-40 పోసి వేళకి మారిస్తే భయపడాల్సిందేం లేదని నేననుకుంటాను. కొత్త బండిలో ఏ3/బీ4 మాత్రం పోయకూడదు.

నకిలీల గురించి రెండు ముక్కలు. ఖరీదైన ఆయిల్‌కే నకిలీలు ఎక్కువ. మూత రింగు తెగి ఉన్నా, లేబుల్ అంచులు లేచినా, బ్యాచ్ నంబర్ చెరిగినట్టున్నా వదిలేయండి. మరీ చవగ్గా ఇస్తామంటే ఇంకా వేగంగా వదిలేయండి. బిల్లు అడగండి. ఆటోనగర్‌లో ఖాళీ క్యాన్ కోసం పిల్లలు వెంటపడతారు, పాత సామాన్లవాడు మంచి రేటిస్తాడు కాబట్టి. నేను స్క్రూడ్రైవర్‌తో రెండు చిల్లులు పొడిచి ఇస్తాను. "మళ్ళీ పొడిచావా బాబూ" అని బాబాయ్ తిడతాడు.

మార్కులు వేయమంటే ఆయిల్‌కి అయిదుకి నాలుగున్నర, ప్యాకింగ్‌కి రెండు. 2020కి ముందు కొన్న, డీపీఎఫ్ లేని, టర్బో ఉన్న కామన్ రైలు డీజిల్ కారు మీదైతే, మాన్యువల్లో బీ4 అని ఉంటే, ఇది కళ్ళు మూసుకుని కొనొచ్చు. డబ్బు తగ్గించుకోవాలంటే ఏ3/బీ4 ఉన్న ఏ మంచి కంపెనీ 5డబ్ల్యూ-40 అయినా తీసుకుని, మిగిలిన డబ్బుతో ఒరిజినల్ ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ వేయించండి. పాత ఇండికా, బొలెరోలకి ఇంత ఖర్చు దండగ, ఆటోనగర్‌లో పోసే ఆ 15డబ్ల్యూ-40 చాలు. 20డబ్ల్యూ-50 మాత్రం వద్దు.